ఒక్కియం తొరైపాక్కం: నగరంలో కలిసిపోయిన ఒక పంచాయతీ



నగరాలు పెరుగుతుంటే పక్కనున్న పల్లెలకు ఏం జరుగుతుందో మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఇక్కడ బెంగళూరు వాళ్ళున్నారు, బరంపురం, షోలాపూర్, యానాం నుంచి వచ్చినవాళ్ళున్నారు. అందరి ఊళ్ళ సంగతీ చెప్పబోతే ఎవరి ఊరి సంగతీ సరిగా చెప్పలేం. అందుకని మేము ఒక్క ఊరినే పట్టుకుంటాం. మేము పరిచర్య చేసే చెన్నై నగరానికి దక్షిణపు అంచున ఉన్న ఊరది. పేరు ఒక్కియం తొరైపాక్కం. 2011 అక్టోబరు దాకా అది గ్రామ పంచాయతీ. ఇప్పుడు చెన్నై కార్పొరేషన్‌లో 15వ మండలమైన షోళింగనల్లూరులో ఒక ముక్క. బయటివాళ్ళకు ఐటీ కంపెనీల అద్దాల మేడలతోనో, కన్నగి నగర్ పేరుతోనో తెలుస్తుంది. ఈ రెండింటికీ ముందు అక్కడొక ఊరు ఉండేదని, ఆ ఊరికి ఒక సభ ఉండేదని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

పల్లెల్ని కలుపుకోవడం చెన్నైకి కొత్త కాదు. నిజానికి ఆ నగరం పుట్టిందే అలా. 1639లో దామెర్ల నాయకులు తూర్పు ఇండియా కంపెనీకి ఇచ్చింది సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లె. ఆ తరువాత తిరువల్లిక్కేణి వచ్చి చేరింది. ఎగ్మూరు, పురసవాక్కం, తండయారుపేట చేరాయి. 1708లో మరో అయిదు పల్లెలు కంపెనీ చేతికి వచ్చాయి. వాటిలో తిరువొత్తియూరు, కత్తివాక్కం కూడా ఉన్నాయి. ఆ రెండూ తరువాతి కాలంలో వేరే మునిసిపాలిటీలుగా బతికి, 2011లో మళ్ళీ నగరంలో కలిశాయి. మూడు వందల ఏళ్ళలో రెండు సార్లు చేతులు మారిన ఊళ్ళన్నమాట. 1946లో సైదాపేట మునిసిపాలిటీ కలిసింది. 1978లో వేళచ్చేరి, తరమణి, తిరువాన్మియూరు, కొడుంగయ్యూరు లాంటివి కలిశాయి. అప్పటికి నగరం 174 చదరపు కిలోమీటర్లు అయింది.

1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు దాని ఆల్డర్‌మన్లలో చిన్న వెంకటాద్రి అనే తెలుగు వర్తకుడు ఉన్నాడు. మన పెద్దలు కొందరు ఈ మాట గర్వంగా చెబుతుంటారు. చెప్పుకోవచ్చు. కానీ అదే కార్పొరేషన్ వీధుల్ని తరాల తరబడి ఊడ్చిన తెలుగువాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మద్రాసు తెలుగువాళ్ళ చరిత్ర అంటే వర్తకులు, దుబాసీలు, సినిమావాళ్ళు అనుకునేవారికి, చీపురు పట్టిన తెలుగువాళ్ళ గురించి మనమే చెప్పాలి. ఈ ఊరి కథలో వాళ్ళూ వస్తారు. కాస్త ఆగండి.

మొదట నేల సంగతి. తొరైపాక్కానికి పడమటి దిక్కున పళ్ళిక్కరణై చిత్తడి నేల ఉంది. దక్షిణ చెన్నై చెరువులు నిండి పొర్లితే ఆ నీళ్ళన్నీ అక్కడికే వచ్చి చేరతాయి. అక్కడినుంచి ఒక్కియం మడువు అనే వాగు ద్వారా తూర్పున బకింగ్‌హాం కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. ఊరి పేరులోనూ వాగు పేరులోనూ అదే ఒక్కియం. ఈ బకింగ్‌హాం కాలువ మనకు పరాయిది కాదు. ఉత్తరాన అది మన పెదగంజాం దాకా పోతుంది. 1876–78 నాటి పెద్ద కరువులో, మద్రాసు నగరం లోపల అడయారునూ కూవంనూ కలిపే భాగాన్ని కరువు పనిగా తవ్వించారు. ఆకలితో వచ్చినవాళ్ళు గంజి కోసం తవ్విన కాలువ అది. వంద సంవత్సరాలు గడిచాక ఆ కాలువ గట్ల మీదే గుడిసెలు వేసుకున్న పేదల్ని ఆక్రమణదారులన్నారు.

చిత్తడి నేలను పాత రెవెన్యూ లెక్కల్లో పొరంబోకు అని రాసుకున్నారు. పన్ను రాని భూమి పొరంబోకు. చెన్నై వాడుకలో ఆ మాట తిట్టుగా కూడా మారింది, పనికిరానివాడు అనే అర్థంలో. పన్ను రాకపోయినా ఆ నేల పనికిరానిది కాదు. పశువులు మేసేవి, చేపలు దొరికేవి, వాన నీరు నిలిచేది. ఒకప్పుడు 50 చదరపు కిలోమీటర్ల దాకా పరచుకున్న ఆ నేలలో ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే. 2022లో దానికి రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచ స్థాయిలో కాపాడుకోవలసిన చిత్తడి నేలల జాబితాలో చేరింది. మంచిదే. అయితే దానికి మూడు దశాబ్దాలకు పైగా ముందే, 1980ల చివర్లో, చెన్నై కార్పొరేషన్ తన దక్షిణ భాగపు చెత్తనంతా తెచ్చి అక్కడే పొయ్యడం మొదలుపెట్టింది. దాన్ని పెరుంగుడి డంపింగ్ యార్డు అంటారు, 200 ఎకరాలకు పైగా పరచుకుంది. అప్పటికి పెరుంగుడి చెన్నైలో లేదు, వేరే పట్టణ పంచాయతీ. తొరైపాక్కం కూడా చెన్నైలో లేదు. ఊరిని కలుపుకోవడానికి ఇరవై ఏళ్ళ ముందే నగరం తన చెత్తను అక్కడికి పంపింది. ఆ పొగ పీల్చినవాళ్ళకు నగరంలో ఓటు లేదు. మేము ఈ కథలో ఈ ఒక్క వాస్తవం దగ్గరే చాలాసేపు ఆగిపోతాం. నగరం ఒక ఊరితో మొదట పెట్టుకున్న సంబంధం ఏమిటో అదే చెబుతుంది.

ఆ తరువాత 2000 సంవత్సరం. ఆ ఏడాదే తరమణిలో టైడెల్ పార్క్ తెరిచారు. పాత మహాబలిపురం రోడ్డు ఐటీ దారిగా మారింది, రాజీవ్ గాంధీ సాలై అయింది. ఆ ఏడాదే తొరైపాక్కంలో మురికివాడల నిర్మూలన బోర్డు కన్నగి నగర్‌లో మనుషుల్ని దింపడం మొదలుపెట్టింది. కూవం గట్టు, అడయారు గట్టు, బకింగ్‌హాం కాలువ గట్టు, రోడ్ల పక్కన, రైలు పట్టాల పక్కన ఉన్న కుటుంబాల గుడిసెలు తీసేసి, లారీల్లో సామాను ఎక్కించి, నగరం నడిబొడ్డుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దింపారు. మొదట కట్టిన ఇళ్ళు 150 చదరపు అడుగుల గదులు. మంచం వేస్తే పొయ్యికి చోటుండదు, పొయ్యి పెడితే మంచానికి చోటుండదు. ఏడాదికేడాది బ్లాకులు పెరిగి కన్నగి నగర్‌లో 15,000కు పైగా ఇళ్ళయ్యాయి. దాని పక్కనే ఎళిల్ నగర్ వచ్చింది. ఇంకొంచెం దక్షిణాన సెమ్మంచేరిలో, సునామీ తరువాత, మరో 6,000కు పైగా ఇళ్ళు. సెమ్మంచేరి కూడా అప్పుడు గ్రామ పంచాయతీయే.

ఒక్క గ్రామ పంచాయతీలో 15,000 ఇళ్ళు! పంచాయతీ అంటే మనకు తెలుసు: ఒక అధ్యక్షుడు, కొందరు సభ్యులు, ఒక కార్యదర్శి, నీళ్ళ ట్యాంకు తిప్పే మనిషి, నలుగురైదుగురు ఊడ్చేవాళ్ళు. అంత చిన్న యంత్రాంగం నెత్తిన ఒక పట్టణాన్ని తెచ్చిపెట్టారు. ఆ ఇళ్ళు కట్టాలా వద్దా, ఎన్ని కట్టాలి, నీళ్ళు ఎక్కడినుంచి, బడి ఎక్కడ, ఆసుపత్రి ఎక్కడ అనే ప్రశ్నలు గ్రామ సభలో తేలినవి కావు. వచ్చినవాళ్ళనూ ఎవరూ అడగలేదు. పాత ఊరివాళ్ళ దృష్టిలో వీళ్ళు నగరం తోసేసిన మనుషులు. వీళ్ళ దృష్టిలో అది తమను పారేసిన చోటు. ఇద్దరికీ మధ్య తగవు పెట్టినవాడు మాత్రం ఎక్కడో ఆఫీసులో ఉన్నాడు. కుళాయి పాడైతే అది బోర్డు పనా, పంచాయతీ పనా అని తేలేలోపు ఆడవాళ్ళు లారీ ముందు బిందెలతో బారులు తీరేవారు.

పోయినవేమిటో కూడా చెప్పాలి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు నడిచిపోయే దూరంలో ఉన్న పని పోయింది. పిల్లలకు చదువు మధ్యలో బడి మారింది. కన్నగి నగర్ అని చిరునామా రాస్తే ఉద్యోగం రాదని యువకులు వేరే చిరునామా రాసుకున్న కాలం ఉంది. పోలీసులకు ఆ పేరు వింటేనే అనుమానం. ఆ పేరును మార్చింది ప్రభుత్వ పథకం కాదు, అక్కడి పిల్లలే. 2025లో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువజన క్రీడల్లో కబడ్డీ బంగారు పతకం గెలిచిన భారత బాలికల జట్టులో కన్నగి నగర్ అమ్మాయి ఉంది. ఆ వారం ఆ కాలనీ అంతా వీధుల్లోనే ఉంది. 2021 మే నుంచి మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు తీసేశారు. మిగతావాళ్ళకు అది చిన్న సంగతి కావచ్చు. కన్నగి నగర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి అడయారుకో మైలాపూరుకో పనికి వెళ్ళే అక్కలకు అది నెలకు ఎంత మిగులో వాళ్ళను అడగండి.

ఇలా లారీలెక్కి వచ్చినవాళ్ళలో తెలుగు ఇంటి మాటగా ఉన్న పారిశుద్ధ్య పనివారి కుటుంబాలూ ఉన్నాయి. పాత నగరంలో కార్పొరేషన్ వాళ్ళ పిల్లల కోసం తెలుగు బడులు నడిపింది. అంచు ఊళ్ళకు తరలించినప్పుడు ఆ బడులు వెంట రాలేదు. 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత తెలుగు చదువు ఎలాగూ తగ్గిపోయింది. ఇప్పుడు ఆ కుటుంబాల్లో అవ్వ తెలుగులో ప్రార్థన చేస్తుంది, మనవడు తమిళంలో ఆమేన్ అంటాడు. దీనికి మేము ఎవరినీ నిందించడం లేదు. తరలింపు అంటే ఇంటి తరలింపు ఒక్కటే కాదని చెబుతున్నాం.

ఇక 2011. చెన్నై కార్పొరేషన్ ఆ అక్టోబరులో 9 మునిసిపాలిటీలను, 8 పట్టణ పంచాయతీలను, 25 గ్రామ పంచాయతీలను కలుపుకుంది. 174 చదరపు కిలోమీటర్ల నగరం 426 అయింది. 10 మండలాలు 15 అయ్యాయి. వార్డులు 155 నుంచి 200 అయ్యాయి. పాత నగరపు 155 వార్డులను 107కు కుదించి, కొత్తగా వచ్చిన ప్రాంతాలకు 93 ఇచ్చారు. లెక్క చూస్తే అన్యాయమేమీ లేదు. ఆ 25 గ్రామ పంచాయతీల్లో ఒక్కియం తొరైపాక్కం ఒకటి.

కలిపితే మంచిదే కదా అని అప్పుడు చాలామంది అన్నారు. మాలోనూ కొందరు అన్నారు. నగరంలో కలిస్తే మెట్రోవాటర్ వస్తుంది, భూగర్భ డ్రైనేజీ వస్తుంది, ధర పెరుగుతుంది. ధర పెరిగింది. మిగతావి మెల్లగా, చాలా మెల్లగా నడిచి వచ్చాయి. ఆ దారి పొడుగునా ఏళ్ళ తరబడి నీళ్ళంటే ట్యాంకరే, మురుగంటే ట్యాంకరే. నగరంలో కలిసిన పదేళ్ళ దాకా ఆ ఊరివాళ్ళు తమ నగరంలోనే ఒక చోటినుంచి ఇంకో చోటికి పోవడానికి టోల్ కట్టారు. 2021 ఆగస్టు ఆఖరున గానీ ఆ వసూలు ఆగలేదు. 2022లో ఆస్తి పన్ను పెంచినప్పుడు 600 చదరపు అడుగుల లోపు ఇళ్ళకు పాత నగరంలో 50 శాతం, 2011లో కలిపిన ప్రాంతాల్లో 25 శాతం పెంచారు. తక్కువ పెంచారు కనుక సంతోషించవలసిందే. కానీ చూడండి, కలిపి పదకొండేళ్ళయినా ప్రభుత్వ కాగితంలో అవి ఇంకా కలిపిన ప్రాంతాలే. వాడుకలో ఇప్పటికీ ఆడెడ్ ఏరియా అంటారు. పెళ్ళయి పదేళ్ళయిన కోడలిని ఇంకా వచ్చిన పిల్ల అన్నట్టు.

పోయినవి మాత్రం ఒక్క రోజులో పోయాయి. గ్రామ సభ పోయింది. ఏడాదిలో కొన్ని నిర్ణీత దినాల్లో ఊరివాళ్ళంతా కూర్చుని లెక్క అడిగే హక్కు, తీర్మానం చేసే హక్కు 1993 నాటి 73వ రాజ్యాంగ సవరణతో పల్లెకు బలంగా వచ్చింది. పట్టణానికి వర్తించే 74వ సవరణలో దానికి సరిసమానమైనది లేదు. వార్డు కమిటీ అనే మాట ఉంది గానీ అందులో ఊరంతా కూర్చోదు. నూరు రోజుల పని పోయింది, ఎందుకంటే ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతానికే రాసినది. మ్యాపులో గీత మారిన రోజునే ఒక కూలి మనిషికి పని అడిగే చట్టబద్ధమైన హక్కు రద్దయింది, ఆమె ఇల్లు మాత్రం కదలలేదు. వీధిలో నడుచుకుంటూ పోయే అధ్యక్షుడు పోయాడు. ప్రజలే నేరుగా ఓటువేసి ఎన్నుకున్న మనిషి అతను. ఇంటికి పోయి నిలదీయొచ్చు, తిట్టొచ్చు. ఇప్పుడు సగటున 30,000 మందికి పైగా ఒక కౌన్సిలర్. మిగతా పనులకు మండల కార్యాలయం, లేదంటే రిప్పన్ బిల్డింగ్. మేము పాస్టర్లం కనుక ఇంకొకటి కూడా మాకు ముందుగా తెలుస్తుంది: సమాధుల స్థలం. పంచాయతీ ఉన్నప్పుడు ఊరి పెద్దల దగ్గర తేలిపోయే సంగతి ఇప్పుడు కాగితం పని అయింది. చనిపోయిన ఇంటివాళ్ళను కాగితం కోసం పరిగెత్తించడం ఎంత కష్టమో మీలో పాస్టర్లుగా ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. పంచాయతీ పోయిందని మేము ఏడుస్తున్నట్టు వినిపిస్తే అది సగం నిజమే. దళితులుగా మనకు పంచాయతీ ఎప్పుడూ స్వర్గం కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు పల్లెను పొగిడేవాళ్ళకు ఎంత గట్టిగా జవాబిచ్చారో మీకు తెలుసు. తమిళనాడులోనే, మదురై జిల్లా మేలవళవులో, రిజర్వుడు పంచాయతీకి అధ్యక్షుడైన మురుగేశన్‌ను, ఆయనతో ఉన్నవాళ్ళను 1997 జూన్‌లో నరికి చంపారు. పాప్పాపట్టి, కీరిపట్టి లాంటి ఊళ్ళలో దళితుడు అధ్యక్షుడు కాకూడదని పదేళ్ళు ఎన్నికే సాగనివ్వలేదు. 2006లో గానీ అక్కడ పంచాయతీ కూర్చోలేదు. అలాంటి ఊళ్ళ నుంచి పారిపోయి నగరానికి వచ్చినవాళ్ళే కూవం గట్టున గుడిసె వేసుకున్నారు. ఎవడి పొలానికి ఎవడు కూలీయో అడగని చోటు నగరం. అందుకని పల్లె నగరంలో కలవడం మనకు చెడ్డ వార్త కానవసరం లేదు.

అయితే నగరం నగరంగా రావాలి. ఇక్కడ వచ్చింది ఏమిటి? విలీనం అయిన అయిదేళ్ళకే కౌన్సిల్ లేకుండా పోయింది. 2016 అక్టోబరులో జరగవలసిన స్థానిక ఎన్నికల నోటిఫికేషన్‌ను షెడ్యూల్డు తెగల రిజర్వేషన్ సరిగా లేదని మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కోర్టు తప్పు పట్టింది ఆ నోటిఫికేషన్‌ను. దాన్ని సరిదిద్ది ఎన్నిక పెట్టడానికి చెన్నైలో 2022 ఫిబ్రవరి దాకా పట్టింది. అయిదేళ్ళకు పైగా నగరాన్ని అధికారులే నడిపారు. తొరైపాక్కం మనిషి సంగతి ఆలోచించండి: 2011లో గ్రామ సభ పోయింది, 2016లో కౌన్సిలర్ కూడా పోయాడు. 2015 డిసెంబరు వరదల్లో ఆ ప్రాంతం నీళ్ళల్లో మునిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లోనే అడయారు, కూవం గట్ల మీద మిగిలిన గుడిసెలు పెద్ద ఎత్తున తీసేసి, సెమ్మంచేరి పక్కనున్న పెరుంబాక్కంలో కట్టిన 20,000కు పైగా ఇళ్ళలోకి జనాన్ని పంపారు. వరద నుంచి కాపాడడానికి తరలిస్తున్నామన్నారు. తెచ్చింది చిత్తడి నేల అంచుకే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు ఆ వైపంతా మళ్ళీ నీళ్ళు నిలిచాయి. ఇదంతా జరిగిన కాలంలో ఎక్కువ భాగం నగరంలో ఎన్నికైన సభ లేదు. ఎవరిని అడగాలి?

2022లో ఎన్నికలకు ముందే మేయర్ పదవిని షెడ్యూల్డు కులాల మహిళకు కేటాయించారు. ఆర్. ప్రియ చెన్నైకి మొదటి దళిత మహిళా మేయర్ అయ్యారు. మూడు వందల ముప్ఫై ఏళ్ళు పట్టింది. మేము ఆ రోజు సంతోషించాం, ఇప్పటికీ దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కానీ ఆ కౌన్సిల్ హయాంలోనే, 2025 ఆగస్టులో, రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో చెత్త పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వవద్దని పారిశుద్ధ్య పనివారు రిప్పన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను ఎత్తి తీసుకుపోయారు. కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, దళితులు. అందులో మన తెలుగు ఇళ్ళవాళ్ళు ఉన్నారని మీకు వేరే చెప్పాలా? నగరంలోని మిగతా మండలాల్లో ఎక్కువ భాగం అప్పటికే ప్రైవేటు చేతుల్లో ఉంది.

పంచాయతీలో ఊడ్చే మనిషికి జీతం తక్కువే, గౌరవం అంతకంటే తక్కువ. కానీ ఎవరి కింద పనిచేస్తున్నదో ఆమెకు తెలుసు. నగరంలో కలిశాక ఆమెకు కార్పొరేషన్ ఉద్యోగం వస్తుందనుకుంది. వచ్చింది ఒక కంపెనీ చొక్కా. కంపెనీ మారితే చొక్కా రంగు మారుతుంది, పాత సంవత్సరాల సర్వీసు లెక్కలోకి రాదు. ఊరు నగరంలో కలిసింది, ఊరి చీపురు మాత్రం నగరంలో కలవలేదు. మాకు ఈ విలీనంలో అన్నిటికంటే మింగుడుపడని సంగతి ఇదే.

ఇది చెన్నై ఒక్కదాని గొడవ కాదు. బెంగళూరులో 2007లో 7 నగర మునిసిపాలిటీలను, కెంగేరి పట్టణ మునిసిపాలిటీని, 110 పల్లెలను కలిపి బృహత్ బెంగళూరు చేశారు. ఆ 110 పల్లెలకు కావేరి నీళ్ళ అయిదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబరులో. పదిహేడేళ్ళు. అక్కడా విలీనం తరువాత మూడేళ్ళు ఎన్నిక లేదు, 2020 సెప్టెంబరులో కౌన్సిల్ గడువు తీరాక మళ్ళీ లేదు. ఇప్పుడు 2025లో ఆ నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. ఒక్క విషయంలో మాత్రం బెంగళూరు సహోదరులు మాకంటే ముందున్నారు. అక్కడి పౌరకార్మికులు, వాళ్ళలోనూ తెలుగు మాట్లాడేవాళ్ళే చాలామంది, ఏళ్ళ తరబడి పోరాడి 2025 మే దినాన పన్నెండు వేలమందికి పైగా శాశ్వత ఉద్యోగపు కాగితాలు తీసుకున్నారు. పుణె దగ్గర ఉరుళి దేవాచి కథ ఇంకో రకం. అక్కడా నగరం ముందుగా చెత్త పంపింది, తరువాత 2017లో ఊరిని కలుపుకుంది, పన్నులు వేసింది. ఊరివాళ్ళు ఊరుకోలేదు. 2024లో ఉరుళి దేవాచి, ఫుర్సుంగి కలిపి వేరే మునిసిపాలిటీగా బయటికి వచ్చాయి. కలిపిన గీతను వెనక్కి జరపడం కుదరదని ఎవరైనా అంటే ఆ పేర్లు చెప్పండి.

వేదాంత కళాశాలలో హెబ్రీ చదివినప్పుడు మాకొక మాట తగిలింది, అప్పటినుంచి వదల్లేదు. సంఖ్యాకాండంలో, యెహోషువ గ్రంథంలో ఒక పట్టణం పేరు, దాని పల్లెలు అని వచ్చే కొన్ని చోట్ల మూలంలో పల్లెలకు వాడిన మాట బనోత్. ఆ మాటకు కూతుళ్ళు అని అర్థం. హెష్బోను, దాని కూతుళ్ళు. ఎక్రోను, దాని కూతుళ్ళు. మన తెలుగు అనువాదంలో పల్లెలు అని సరిగానే రాశారు, కానీ ఆ బంధుత్వం కనబడకుండా పోయింది. అలాగని పాత నిబంధన కాలపు పట్టణాలు పల్లెల్ని కూతుళ్ళలా చూశాయని మేము అనడం లేదు. పట్టణపు గోడల లోపల ఉన్నవాళ్ళు పల్లె పంటను ఎలా తిన్నారో ప్రవక్తలు చెప్పారు. అయినా మాట మాత్రం అలా ఉండిపోయింది. ఏ తల్లీ కూతురి పెరట్లో తన చెత్త పొయ్యదు.

ఇప్పుడు పని సంగతి. తమిళనాడులో 2025 మొదట్లో మళ్ళీ వందల గ్రామ పంచాయతీలను పక్క పట్టణాల్లో కలిపే ప్రతిపాదనలు వచ్చాయి. నూరు రోజుల పని పోతుంది, పన్ను పెరుగుతుంది అని ఊరూరా జనం రోడ్డెక్కారు. మీ సంఘాలు ఉన్న ఊళ్ళూ ఆ జాబితాల్లో ఉండవచ్చు. విలీనం వద్దు అని గుడ్డిగా అనమని మేము చెప్పం. గ్రామ సభలో రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మన ఊడ్చేవాళ్ళు, నీళ్ళు వదిలేవాళ్ళు ఎవరి ఉద్యోగులుగా వెళ్తారు, పాత సర్వీసు లెక్కకు వస్తుందా. సమాధుల స్థలం, పొరంబోకు, చెరువు ఎవరి పేరున రాస్తారు. కౌన్సిల్ ఎన్నిక ఎప్పుడు. చెత్త ఎక్కడ పోస్తారు. ఇవి తీర్మానం పుస్తకంలో ఎక్కితే రేపు కోర్టులోనైనా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఎక్కకపోతే తొరైపాక్కంలాగే మ్యాపు చూసి తెలుసుకోవలసి వస్తుంది.

ఇప్పటికే నగరంలో కలిసిపోయిన చోట్ల ఏరియా సభలున్నాయి. 2022లో నిబంధనలు వచ్చాయి, ఆ ఏడాది నవంబరు 1న తమిళనాడు పట్టణాల్లో మొదటిసారి కూర్చున్నాయి. గ్రామ సభకున్న బలం వాటికి లేదు. చాలాచోట్ల పేరుకు జరుగుతాయి, నలుగురు వస్తారు, ఫోటో తీసుకుంటారు. కానీ పోయిన గ్రామ సభకు బదులుగా మనకు మిగిలింది అదే కనుక వెళ్ళాలి. తెలుగు మాత్రమే వచ్చిన మన అవ్వలకు పక్కన కూర్చుని తమిళం చెప్పే యువకులు కావాలి, సంఘాల్లో వాళ్ళున్నారు.

గ్రామ సభలు తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1న జరుగుతాయి. వీటిలో చాలావరకు సెలవు దినాలు, ఊడ్చేవాళ్ళకు తప్ప. జెండా పండుగ రోజున వీధి ఇంకా శుభ్రంగా ఉండాలని వాళ్ళను ఇంకా పొద్దున్నే పిలుస్తారు. కాబట్టి సభ మధ్యాహ్నం తరువాత పెట్టమని పంచాయతీకి ముందుగా ఒక వినతిపత్రం ఇవ్వండి. నమూనా ఒకటి తమిళంలో, తెలుగులో రాసి తెచ్చాం. వెళ్ళేటప్పుడు బల్ల దగ్గర తీసుకోండి.